సగం ధరకు దొరికే వేగం

చేతిలో 12, 13 లక్షలు పెట్టుకుని కారు కొందామని బయల్దేరిన మనిషికి ఇవాళ రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి షోరూమ్ దారి. స్కోడా స్లావియానో ఫోక్స్‌వ్యాగన్ వర్టసో చూసి, టాప్ ఎండ్‌కు డబ్బు చాలదు గనుక అడుగున ఉన్న వేరియంట్ బుక్ చేసి, దండ వేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకోవడం. రెండోది సెకండ్ హ్యాండ్ యార్డు దారి. బేరం కుదిరితే అక్కడ అదే డబ్బుకు 2015 ప్రాంతపు బీఎండబ్ల్యూ 3 సిరీస్ డీజిల్ దొరకొచ్చు. కొత్తగా ఉన్నప్పుడు 40 లక్షలకు అటూ ఇటూగా పలికిన బండి. రెండు లీటర్ల ఇంజిన్, 180 పైచిలుకు హార్స్‌పవర్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, నిలబడ్డ చోటి నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఏడున్నర సెకన్లు. షోరూమ్‌లో ఉన్న ఆ బేస్ మోడల్‌కు ఒక లీటరు టర్బో, 115 హార్స్‌పవర్. అందులో తోలు సీట్లు లేవు, సన్‌రూఫ్ లేదు, పెళ్లి మండపం ముందు ఆపితే వాచ్‌మన్ లేచి నిలబడడు. రూపాయి ఒకటే అయినప్పుడు ఇంత తేడా చూసి కూడా కొత్తది కొనేవాడు అమాయకుడేమో అనిపించడం సహజం. అతను అమాయకుడు కాడనీ, అయితే అతను తెలివైనవాడనడానికి మామూలుగా చెప్పే కారణం మాత్రం తప్పనీ నా వాదన.

మామూలుగా చెప్పే కారణాలన్నీ ధర చుట్టూ తిరుగుతాయి. పెద్దవాళ్లు ‘ఎవరో వాడి వదిలేసిన బండి మనకెందుకురా’ అంటారు. కారు పిచ్చి ఉన్న కుర్రాళ్లు ‘కొత్త బండి గేటు దాటగానే లక్షన్నర గాల్లో కలిసినట్టే అన్నా’ అంటారు. రెండో మాటలో నిజం ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీలు బండి విలువ కట్టడానికి వాడే పట్టికే దానికి సాక్ష్యం: ఆరు నెలలు దాటితే 15 శాతం కోత, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగు దాటితే 50. అదీ షోరూమ్ ధర మీద. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, మొదటి ఇన్సూరెన్స్ పేరిట కట్టిన రెండు లక్షల చిల్లర ఈ లెక్కలోకే రాదు, అది కట్టిన రోజే పోయింది. కాబట్టి 12 లక్షల ఆన్‌రోడ్ పెట్టి కొన్న బండి అయిదేళ్లకు అయిదారు లక్షల దగ్గర నిలుస్తుంది. ఏడు లక్షలు ఎటు పోయాయని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. మొదటి ఓనర్ నష్టం మీద బతకడమే తెలివి అని పాత బండి పక్షంవాళ్లు అనేది ఇందుకే.

కానీ పదేళ్ల బండి విషయంలో ఈ లెక్క సగమే చెప్తారు. శాతాల్లో చూస్తే పాత బండి ధర నెమ్మదిగా పడుతుంది, నిజమే. జేబులోంచి పోయేవి మాత్రం రూపాయలు. పదేళ్ల బండిని 12 లక్షలకు కొని అయిదేళ్లు తిప్పితే దానికి 15 ఏళ్లు నిండుతాయి. మన దగ్గర ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ గడువు అంతే. ఆపైన నడపాలంటే ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం రెన్యువల్ ఫీజును 600 రూపాయల నుంచి 5,000కి పెంచింది. పెద్ద మొత్తమేమీ కాదు గానీ, గడువు అంచున ఉన్న లగ్జరీ డీజిల్‌ను కొనే గుండె ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్‌ను తిరగనివ్వకూడదన్న ఆదేశాలు 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ నుంచి, 2018లో సుప్రీంకోర్టు నుంచి వచ్చాక అక్కడి బండ్లు దక్షిణాదికి చౌకగా దిగిరావడం మొదలైంది. ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్పించుకున్న అలాంటి బండ్లు మన యార్డుల్లో పోటీగా నిలబడి ధరలను ఇంకా కిందికి లాగుతాయి. నా అంచనాలో ఈ పాత బండి కూడా అయిదేళ్లలో ఏడు లక్షలకు దగ్గరగానే పోగొట్టుకుంటుంది. అంటే విలువ తరుగుదల లెక్కలో ఇద్దరూ సమానమే. అక్కడ తేలని తగవును అక్కడే వదిలేసి, అసలు ఏం కొంటున్నామో చూడాలి.

వేగంగా పోయే కారును వేగంగా పోనిచ్చేవి ఏమిటి? టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్ ప్లేట్లు, షాక్ అబ్జార్బర్లు, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు, బ్రేక్ డిస్కులు, వెడల్పాటి టైర్లు, ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంటింగులు. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది, అన్నీ అరిగేవే. మరి అరగనివి ఏమిటి? తోలు సీట్లు, చెక్క పలక, సన్‌రూఫ్ అద్దం, తలుపు వేసినప్పుడు వచ్చే ఆ బరువైన చప్పుడు, బానెట్ మీది గుర్తు. పదేళ్ల తరువాత యార్డులో తళతళలాడేవి రెండో జాబితాలోనివి. కొనేవాడు డబ్బు పెడుతున్నది మొదటి జాబితా కోసం. చూపించే సరుకు ఒకటి, తూకం వేసే సరుకు ఇంకొకటి. తక్కువ స్పెక్ ఉన్న కొత్త కారులో ఇది సరిగ్గా తిరగబడుతుంది: అక్కడ లేనివన్నీ రెండో జాబితాలోవే, ఉన్నవన్నీ మొదటి జాబితాలోవి, పైగా కొత్తవి. ఈ రెండు కార్లను పక్కపక్కన పెట్టి ‘ఎక్కువ, తక్కువ’ అనేటప్పుడు మనం ఏ జాబితాను చదువుతున్నామో గమనించం. నా వాదనంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

కొంచెం దగ్గరకెళ్లి చూద్దాం. సస్పెన్షన్ బుష్ అంటే ఇనుప గొట్టంలో బిగించిన అరచేతిలో పట్టేంత రబ్బరు ముద్ద. గుంత పడిన ప్రతిసారీ, స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగిన ప్రతిసారీ అది మెలిపడుతుంది. పదేళ్ల ఎండకూ మన కాలనీల్లో వంద గజాలకొకటి చొప్పున పోసిన స్పీడ్ బ్రేకర్లకూ అది ఎండి బీటలు తీస్తుంది. అప్పుడు కారు ఆగిపోదు, చప్పుడు కూడా వెంటనే రాదు. స్టీరింగ్ తిప్పాక ముందు చక్రం మాట వినడానికి రెప్పపాటు ఆలస్యమవుతుంది, అంతే. ఆ రెప్పపాటు లేకపోవడానికే కదా మొదటాయన 40 లక్షలు ఇచ్చింది. షాక్ అబ్జార్బర్లో నూనె పలచబడితే అయిదారు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌లో మెత్తగా, సుఖంగా కూడా అనిపిస్తుంది. వంద దాటాక వంపులో బండి ఊగినప్పుడు గానీ అసలు సంగతి తెలియదు. ఇక ఆ తరం బీఎండబ్ల్యూ నాలుగు సిలిండర్ల డీజిల్‌లో టైమింగ్ చెయిన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చెయిన్ ఖరీదు పెద్దదేమీ కాదు, దాన్ని చేరడానికి గేర్‌బాక్స్ దించాలి. మజూరీ బిల్లు అక్కడ పుడుతుంది. డబుల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉన్న బండి తీసుకుంటే, అమీర్‌పేట నుంచి మియాపూర్ దాకా పాకే ట్రాఫిక్‌లో సగం పట్టి సగం వదిలే క్లచ్ ఎంత అరిగిందో బయటినుంచి చెప్పగలవాడు లేడు. పెట్రోల్ టర్బో అయితే ఇంకో మాట కూడా ఉంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. దాన్ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో బండ్లు రావడం మొదలైంది 2023 ఏప్రిల్ నుంచి.

ఇవన్నీ బాగుచేయించుకోవచ్చు కదా అంటే, తప్పకుండా చేయించుకోవచ్చు. చిక్కు ధరలో ఉంది. బండి ధర మూడో వంతుకు పడిపోయింది గానీ దాని షాక్ అబ్జార్బర్ ధర పడిపోలేదు. విడిభాగానికి బండి వయసు తెలియదు, అది పుట్టిన తరగతి మాత్రమే తెలుసు. 12 లక్షలకు కొన్న 40 లక్షల కారును మేపడానికి 40 లక్షల కారు తిండే పెట్టాలి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడకూడదని మనవాళ్లు ఊరికే అనలేదు. నేను వాడే మోటు లెక్క ఒకటుంది: అయిదేళ్లు దాటిన ఇలాంటి బండికి, అది కొత్తగా ఉన్నప్పటి ధరలో మూడు శాతం చొప్పున ఏటా పక్కన పెట్టాలి. 40 లక్షల బండికి ఏడాదికి లక్షా ఇరవై వేలు. ఒక ఏడు ఖర్చు కాకపోవచ్చు, మరుసటి ఏడు రెండేళ్లదీ కలిపి ఒకే వారంలో అడగొచ్చు. ఇన్సూరెన్స్ దీన్ని ఆదుకోదు. అరిగిపోయినదానికి అది ఎలాగూ ఇవ్వదు, ప్రమాదంలో విరిగినదానికి కూడా తరుగుదల కోత వేయని జీరో డెప్ పాలసీ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద సగం కోత వేస్తుంది. ఆ జీరో డెప్ పాలసీ బండి పాతబడే కొద్దీ దొరకడం కష్టం. ఇలాంటి బండిలో ఒక్క ఎల్‌ఈడీ హెడ్‌లైట్ సెట్టు లక్ష దాటే రకాలున్నాయి. ఆటో తగిలి అది పగిలితే సగం మీరు కట్టాలి, ఆటోవాలా ఇచ్చేది లేదు.

ఇటు వైపు, తక్కువ స్పెక్ కొత్త కారులో తగ్గేది ఏమిటో కూడా అంతే నిక్కచ్చిగా చూడాలి. మన దేశంలో ‘స్పెక్’ అనే మాట కొన్నేళ్లుగా ఇంజనీరింగ్‌ను వదిలేసి అలంకారానికి అతుక్కుపోయింది. టాప్ ఎండ్ అంటే పెద్ద స్క్రీన్, సన్‌రూఫ్, చల్లగాలి వీచే సీట్లు, రంగులు మారే లైట్లు. 45 డిగ్రీల ఎండలో రామగుండంలోనో రెంటచింతలలోనో సన్‌రూఫ్ దేనికో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. పిల్లలు తల బయటపెట్టి నిలబడ్డం తప్ప దానికి మనం కనిపెట్టిన ఉపయోగం లేదు. బేస్ మోడల్‌లో ఇవి పోతాయి, అల్లాయ్ చక్రాల బదులు ఇనుప రిమ్ములూ ప్లాస్టిక్ మూతలూ వస్తాయి. కానీ అదే ఒక లీటరు ఇంజిన్ తీసుకుంటే, ఆ ఇంజిన్‌తో వచ్చే పై వేరియంట్‌లో ఉన్న ఉక్కు బాడీ, అదే సస్పెన్షన్, అదే గేర్‌బాక్స్ అడుగు వేరియంట్‌లోనూ ఉంటాయి. ఇది ఎప్పుడూ ఇలా లేదన్నది ఒప్పుకోవాలి. 2014 జనవరిలో భద్రతా పరీక్షల సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ మన కార్లను గోడకు కొట్టించి చూసినప్పుడు ఎయిర్‌బ్యాగులు లేని పోలోకు సున్నా నక్షత్రాలు వచ్చాయి, రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు నాలుగు. బాడీ ఒకటే. ఆ రోజుల్లో బేస్ మోడల్ కొనడమంటే ప్రాణాన్ని తగ్గింపు ధరకు కొనడం. అప్పుడైతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. ఆ తరువాత ఏబీఎస్, ముందు రెండు ఎయిర్‌బ్యాగులు చట్టం వల్ల తప్పనిసరయ్యాయి. 2023లో స్లావియా, వర్టస్ అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. ఇవాళ ఈ రెంటిలోనే కాదు, 2024 స్విఫ్ట్‌లో కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు అడుగు వేరియంట్ నుంచే వస్తున్నాయి. కోయగలిగినవి అలంకారాలే అయ్యేసరికి ‘తక్కువ స్పెక్’ అన్న మాటలోని భయం చాలావరకు పోయింది. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగిరావడం ఇంకో ఊతం. నాలుగు మీటర్లు దాటిన ఈ సెడాన్లకు ఆ 18 వర్తించదు గానీ, చిన్నవాటిలో వెతికేవాడికి అది లక్షకు దగ్గర్లో మిగుల్చుతుంది.

పాత బండిని బాగా చూసి కొంటే సరిపోదా అన్నది మొదటి ఎదురుప్రశ్న. చూడటంలోనే ఉంది చిక్కు. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక చిన్న పరిశోధన పత్రం రాశాడు, దాని పుణ్యమా అని 2001లో నోబెల్‌లో వాటా కూడా వచ్చింది. ఆయన తీసుకున్న ఉదాహరణ పాత కార్ల బజారే. బండి సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు సగటు బండికి తగ్గ ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి ఓనరు అమ్మడు, బజారు నుంచి తప్పుకుంటాడు. చెడ్డవాటి వాటా పెరుగుతుంది, సగటు ఇంకా పడుతుంది. మామూలు కార్ల విషయంలో ఈ చీకటి కొంత తగ్గింది. పెయింట్ మందం కొలిచే మీటరు పెడితే కంపెనీ పూత వంద మైక్రాన్ల చుట్టుపక్కల చూపిస్తుంది. టింకరింగ్ చేసి పుట్టీ పెట్టిన చోట అంకె ఒక్కసారిగా ఎగురుతుంది. టైరు పక్క గోడ మీద చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైనది. కానీ వేగం కోసం కొన్న బండిని వేగంగానే నడిపి ఉంటారు, ఆ జాడ ఏ మీటరుకూ అందదు. కొందరు ‘స్టేజ్ 1’ రీమ్యాప్ కొట్టించి కంపెనీ ఇచ్చిన దానికంటే పాతిక, ముప్పై శాతం ఎక్కువ లాగించి, అమ్మే ముందు సాఫ్ట్‌వేర్ మామూలుగా మార్పించేస్తారు. ఇంజిన్‌కు గుర్తుంటుంది, కంప్యూటర్ సులువుగా బయటపెట్టదు. యార్డులో మాత్రం ప్రతి బండీ సింగిల్ ఓనర్, షోరూమ్ ట్రాక్, డాక్టర్ గారిది. మన రాష్ట్రాల్లో డాక్టర్లు ఇన్ని కార్లు మార్చుతుంటే రోగుల్ని ఎప్పుడు చూస్తారో తెలియదు. అమెరికా వెళ్లిన మన పిల్లలు దిగగానే పాత కామ్రీనో సివిక్‌నో ధైర్యంగా కొంటున్నారంటే, అక్కడ బండి నంబరు కొడితే పాత ప్రమాదాలూ ఓడోమీటర్ రీడింగులూ ఉన్న చరిత్ర చాలావరకు చేతికొస్తుంది గనుక. మన వాహన్ రికార్డు అప్పుందా, ఇన్సూరెన్స్ ఉందా, రిజిస్ట్రేషన్ ఎప్పటిది అనే చెప్తుంది. పైగా ఆ పిల్లలు కొనేది కామ్రీ, స్పోర్ట్స్ కారు కాదు.

రెండో ఎదురుప్రశ్నకు బలం ఎక్కువ: శక్తి అంటే భద్రత. రెండు లైన్ల రోడ్డు మీద ఇసుక లారీని దాటాలంటే 60 నుంచి వందకు ఎంత త్వరగా చేరితే ఎదురు లైనులో అంత తక్కువసేపు ఉంటాం. పైగా బరువైన జర్మన్ బండి, ఆ 3 సిరీస్‌కు యూరప్ పరీక్షల్లో అయిదు నక్షత్రాలు కూడా. ఇందులో నేను కాదనేది తక్కువ. దాటడానికి శక్తి అవసరమే, బరువైన బండి లోపలివాళ్లను బాగా కాపాడేదీ నిజమే. అయితే ఆ నక్షత్రాలు కొత్త బండికి ఇచ్చినవి. ఒకసారి గుద్దుకుని ముందు భాగం కొట్టి సరిచేసిన బండిలో ఉక్కు రెండోసారి అదే తీరున నలుగుతుందన్న హామీ లేదు, అలా సరిచేశారో లేదో చెప్పేవాడూ లేడు. శక్తి విషయానికొస్తే, 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు, అందులో 71 శాతం అతివేగం ఖాతాలో రాశారు. ఎఫ్‌ఐఆర్‌లో తేలిగ్గా రాసుకునే కారణం అదే గనుక ఆ శాతాన్ని కొంత తగ్గించి చదవాలన్నా, దిశ మారదు. 100లో ఉన్న బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి కంటే 120లో ఉన్నదానికి 44 శాతం ఎక్కువ. వేగం అయిదో వంతు పెరిగింది, భారం దాదాపు సగం పెరిగింది. ఆ భారాన్ని మోసేది పదేళ్ల బ్రేకు గొట్టాలూ 2319 టైర్లూ. దాటడానికి కావలసినంత శక్తి 115 హార్స్‌పవర్ టర్బోలో ఉంది. పాత బండిలో దానికి మించి ఉన్నదాన్ని వాడుకునే చోటు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా లేదు. అక్కడ కుడి లైన్లలో పరిమితి 120.

మూడోది ఆనందం. దీన్ని ‘షోకు’ అని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. మంచి కారు నడపడంలో నిజమైన సుఖం ఉంది, అది మనిషి కష్టార్జితం పెట్టదగ్గదే. పాత 3 సిరీస్ ఇచ్చే సుఖంలో వేగం ఒక భాగం మాత్రమే: వందలో పోతున్నా పక్కవాడితో గొంతు పెంచకుండా మాట్లాడగలగడం, నాలుగు గంటలు కూర్చున్నా నడుం పట్టని సీటు, చేతిలో స్టీరింగ్ బరువు. 12 లక్షల కొత్త కారు దీన్ని ఇవ్వదు, ఇస్తుందని చెప్తే అబద్ధం. విజయవాడ హైవే మీద నెలకు నాలుగుసార్లు తిరిగేవాడికి ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. నిజానికి వేగం ఒక్కటే కావాలంటే అది ఇప్పుడు చౌకబడుతోంది. టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్ కంపెనీ లెక్కన తొమ్మిది సెకన్లలోపే వంద అందుకుంటుంది. పాత జర్మన్ కారుకు మిగిలిన ఆధిక్యం ఆ నెమ్మది, ఆ నిబ్బరమే. కానీ నెమ్మది, నిబ్బరం వచ్చేవి ఎక్కడినుంచి? మళ్లీ ఆ బుష్‌లు, షాక్‌లు, మౌంటింగులు, తలుపు రబ్బర్లు. వాటిని మార్చని బండి ఆ సుఖాన్ని ఇవ్వదు, మార్చిన బండి 12 లక్షలకు దొరకదు. ఆనందం మాట ఎత్తినవాణ్ని ఓడించేది పిసినారితనం కాకూడదు, ఈ లెక్కే అతనికి జవాబు.

బయట మెకానిక్‌తో చేయించుకుంటే ఖర్చు సగమే కదా అనేవాళ్లుంటారు. విజయవాడ ఆటోనగర్‌లో చేతి పనికి లోటు లేదు, హైదరాబాద్ పుత్లీబౌలిలో, రాణిగంజ్‌లో స్పేర్లకు లోటు లేదు, చెన్నై పుదుపేట వెళ్తే విప్పేసిన బండ్ల భాగాలు దొరుకుతాయి. మారుతి, టయోటాలకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కంప్యూటర్‌తో కోడింగ్ చేస్తే గానీ కొత్త బ్యాటరీని కూడా సరిగా గుర్తించని బండికి సుత్తి, పానా చాలవు. అది తెలిసిన బయటి మెకానిక్ ఉంటే అతని రేటూ ఆ తరగతిదే. కంపెనీయే వెళ్లిపోతే మరీ కష్టం. 2015లో పది లక్షల లోపు 145 హార్స్‌పవర్‌తో అబార్త్ పుంటో వచ్చింది, అంత ధరకు అంత శక్తి అప్పట్లో వేరే లేదు. నాలుగేళ్లు తిరక్కుండా ఫియట్ ఇక్కడ కార్ల అమ్మకం మూసేసింది. ఇవాళ దాన్ని ప్రేమగా ఉంచుకున్నవాళ్లు ఒక బంపర్ కోసం ఊరూరా ఫోన్లు తిప్పుతారు. ఇంట్లో అదొక్కటే కారైతే, ఆ ఫోన్లు తిరిగినన్నాళ్లూ ఆస్పత్రికి ఆటోలోనే వెళ్లాలి.

ఇన్ని చెప్పాక కూడా పాత వేగపు బండి కొనకూడదని నేను అనను. ఎలాంటిది కొనాలో ఈ వాదనలోనే ఉంది. అరిగేదాన్ని కొంటున్నాం గనుక, అరిగినవి మార్చిన బండిని కొనాలి. యార్డులో మాత్రం బేరం వేరే వాటి మీద నడుస్తుంది. మొదటి ప్రశ్న ‘ఎంత తిరిగింది’, రెండోది ‘ఎన్నో ఓనరు’. బిల్లుల ఫైలు ఏదని అడిగేవాడు అరుదు, అందుకే అమ్మేవాడు కూడా దానికి ధర కట్టడు. ఇక్కడ బజారు పొరపడుతోంది. 45,000 కిలోమీటర్లే తిరిగి, ఏళ్ల తరబడి సెల్లార్‌లో కవరు కప్పుకుని, ఫ్యాక్టరీ రబ్బర్లు ఎండిపోయి, తొలి టైర్లతోనే ఉన్న సింగిల్ ఓనర్ బండికి ప్రీమియం పలుకుతుంది. లక్ష దాటి తిరిగి మూడో ఓనరు చేతిలో ఉన్న బండి, రెండేళ్లలో షాక్‌లు, లోయర్ ఆర్ములు, గేర్‌బాక్స్ ఆయిల్, నాలుగు టైర్లు మార్చిన రసీదులు ఉన్నా, దానికంటే తక్కువకు పడి ఉంటుంది. మూడో ఓనర్ పెట్టిన ఆ రెండు మూడు లక్షలు ఏ ఇన్సూరెన్స్ పట్టికలోనూ లేవు, ఏ యాప్ చూపించే ధరలోనూ లేవు. పాత వేగంలో నిజంగా చౌకగా దొరికేది ఏదైనా ఉంటే అదే. దాన్ని పట్టుకోవడానికి ఓపిక కావాలి, ఇంట్లో ఇంకో బండి కావాలి, కొన్నాక కూడా పక్కన రెండు లక్షలు మిగలాలి. ఈ మూడూ లేనివాడు షోరూమ్‌కి వెళ్లి అడుగు వేరియంట్ అడగొచ్చు. సేల్స్‌మన్ ముఖం చిన్నబుచ్చుకుని, ఆ వేరియంట్ స్టాక్ లేదు, ఆరు వారాలు పడుతుంది, టాప్ ఎండ్ అయితే రేపే డెలివరీ అంటాడు. ఆరు వారాలు ఆగొచ్చు.